అద్దంలో పగవాడు

మా అమ్మాయి ముచ్చటపడి సయాం పోట్లాటచేప నొకదాన్ని తెచ్చింది. థాయిలాండుకు 2019 నుంచి అదే జాతీయ జలచరం. మాటిమాటికీ నీటిపైకి వస్తుంటే జబ్బేమోనని కంగారుపడ్డాను. "గాలి పీల్చుకుంటోంది నాన్నా!" అని నవ్వింది.

మగచేప మరో మగచేపను చూస్తే ఓర్వదు. ఇంటికొచ్చిన ప్రతివారి ముందూ తొట్టికి అద్దం ఆనించి, తన నీడమీదే అది మొప్పలు విప్పి దూకుతుంటే మురిసిపోయేవాణ్ణి. ఒకనాడు అద్దం తీసేశాక కూడా వెతుకుతూనే ఉంది, మేత ముట్టలేదు.

"లేని పగవాణ్ణి చూపిస్తే ఎలా నాన్నా?" అంది అమ్మాయి.

పొలంగట్టు తగాదాతో నేనూ తమ్ముడూ మాటలు మాని నాలుగేళ్లు.

అద్దం బీరువాలో పెట్టేశాను. వారం తిరిగేసరికి నీటిమీద నురుగుగూడు! గూడు కట్టేదీ, గుడ్లను కాచేదీ మగచేపేనట. ఆ రాత్రే కాగితం తీసుకుని, "చిరంజీవి తమ్ముడికి" అని మొదలుపెట్టాను.