పానా తిరగని చోట...

అరకు అనగానే బొర్రా గుహలు, కాఫీ తోటలు, సొరంగాల్లోంచి వెళ్లే కిరండూల్ రైలు గుర్తొస్తాయి. కానీ రైలు దిగాక లోపలి గూడేలకు చేర్చేది చాలాచోట్ల జీపే. సంతకెళ్లే పసుపు మూటలైనా, ఆసుపత్రికెళ్లే గర్భిణి అయినా దాన్నే నమ్ముకోవాలి.

గతుకుల దారిలో ఆ కుదుపులకు ఇంజిను నట్లు వదులవుతుంటాయి. పైకి కనిపించే నట్టయితే నిమిషం పని. సైలెన్సరు గొట్టం ఇంజినును కలిసేచోట, ఇరుకు సందులో ఉంటే? బిగించక తప్పదు, లేదంటే విషవాయువు లోపల కూర్చున్నవాళ్లకే తగలొచ్చు. సరిపడే సాకెట్టు పానా ఉండదు. సీటు కింద మామూలు పానాలే!

ఉపాయం ఆ పానాలోనే ఉంది. దాని మూతి పిడికి సూటిగా ఉండదు, 15 డిగ్రీలు వాలి ఉంటుంది. ఆరు పలకల నట్టును తిరిగి పట్టుకోవాలంటే 60 డిగ్రీలు తిప్పాలి. అదే పానాను ప్రతిసారీ బోర్లించి పెడితే 30 డిగ్రీలు చాలు. నట్టు జారిపోతోందా? మూతిలో కాస్త గ్రీజు రాస్తే అంటుకుని ఉంటుంది.

అయితే ముందు ఇంజిను చల్లారాలి. పిడికి పైపు తొడిగి బలం చూపించకూడదు. బోల్టు విరిగితే కొండల్లో దిక్కుండదు. బ్రేకులు, స్టీరింగుల దగ్గర మాత్రం ఇలాంటి సర్దుబాట్లు వద్దే వద్దు. వాటికి సరైన పనిముట్టు, మెకానిక్కు ఉండాల్సిందే.

ఈసారి ఘాట్‌లో బానెట్ ఎత్తిన జీపు కనిపిస్తే హారన్ కొట్టకండి. పదిమందిని ఇల్లు చేర్చే పని అక్కడ 30 డిగ్రీల చొప్పున జరుగుతుంటుంది.