వెనుకటి తేదీకి మరలిన యంత్రము

పావగడ తాలూకా పటమును మొదటిసారి చూచినవారికి ఒక వింత తోచకమానదు. పరిపాలనయందు తుమకూరు జిల్లాకు చెందిన ఈ నేలను మూడువైపుల ఆంధ్రదేశము చుట్టుకొని యున్నది. మైసూరు సంస్థానపు రోజులలో ఇది మైసూరులోనే యుండెను. 1956లో భాషను బట్టి రాష్ట్రములను పునర్విభజించినప్పుడును కదలలేదు. 1973లో రాష్ట్రము పేరు కర్ణాటకమైనది. ఇంట తెలుగు, బడిలోను కచ్చేరిలోను కన్నడము, సంతలో రెండును కలగలిసిన మాట. తరతరములుగా మా సంసారము ఇట్లే సాగుచున్నది. ఇందు మేము నొచ్చుకొనవలసిన దేమియు లేదు. వెనుకటివారు తెలుగు పాటలను కన్నడ లిపిలో వ్రాసికొన్న పుస్తకములు మా ఇండ్ల అటకలపై నేటికిని దొరకును. రెండు లిపులును ఒకే పాత లిపినుండి పుట్టిన అక్కచెల్లెండ్రు గనుక అట్లు వ్రాయుట వారికి కష్టము కాలేదు. మన పిల్లలు ఆ అక్షరములను గడగడ చదువుదురు. చదివి, ఆ మాటకు అర్థమేమని అడుగుదురు.

అట్టి పాటలను కొన్నిటిని ఒకచోట కూర్చవలెనని మూడు నాలుగు కుటుంబములవారము కలిసి పూనుకొంటిమి. రాగులు విసరునప్పటి పాటలు, శెనక్కాయలు ఒలుచునప్పటి పాటలు, పెండ్లి బంతిలో వియ్యపురాలిని ఎత్తిపొడుచు పాటలు, ఇవి చాలవరకు కాగితము ఎరుగనివి. తిరుమణి వైపున ఒక అవ్వ వీనిలో పెద్ద భాగము పాడి వినిపించెను. ఆ ప్రాంతమును ఇటీవల చూడనివారికి ఒక మాట చెప్పవలెను. తిరుమణి, వళ్లూరు, బలసముద్రము, క్యాతగానచెర్లు, రాయచెర్లు అను ఐదు గ్రామముల భూములలో సుమారు 13,000 ఎకరములు నేడు సౌరఫలకములతో కప్పబడి యున్నవి. 2018 మార్చిలో ప్రారంభమై 2019 చివరకు 2,050 మెగావాట్ల సామర్థ్యమునకు చేరిన ఆ సౌరవనమునకు రైతులు భూమిని అమ్మలేదు, కౌలుకిచ్చిరి. ఎకరమునకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలైన కౌలు అది. వానకై ఆకాశము చూచి చూచి మెడలు నొచ్చినవారికి అది చిన్న ఆసరా కాదు. అవ్వ ఇంటివారును ఇచ్చినవారే. అందుచేత ఆమె పాడునాటికి చేను లేదు, ఒలుచుటకు కాయ లేదు. వసారాలో విసుర్రాయి ముందు కూర్చుండి, గింజ లేని రాయిని త్రిప్పుచు పాడెను. రాయి తిరగనిదే తనకు పాట రాదనెను. ఆ మరుసటి ఏడే ఆమె కన్నుమూసెను.

ఆమె గొంతును పట్టిన ధ్వనిముద్రణము ప్రతి యొకటి బెంగళూరులోనున్న మనుమనికి చేరినది గనుక ఆ విషయమున దిగులు లేదు. దిగులంతయు వ్రాతప్రతిని గూర్చియే. ఆ పాటలను విని వ్రాయుట, వ్రాసినదానిని ఊరూరికి కొనిపోయి ముసలివారికి చదివి వినిపించుట, వారు దిద్దిన మాటలను చేర్చుట, ఇట్లు నెలల తరబడి సాగిన పని మాలో ఒకరి ఇంటనున్న కంప్యూటరులో నుండెను. అచ్చుపనికి అనువుగా ఉండునని 2023 మే 3వ తేదీన దానిలో ఒక పాత తరహా తెలుగు అక్షరసాధనమును చేర్చి, వ్రాసినదంతయు ఆ అక్షరములలోనికి మార్చితిమి. ఇట్టి పాత సాధనములలో తెలుగు నిజమునకు తెలుగుగా నిలిచియుండదు. ఇంగ్లీషు అక్షరములకును గుర్తులకును కేటాయించిన గదులలో తెలుగు అక్షరముల బొమ్మలు కాపురముండును. ఆ ఫాంటు ఉన్నంతకాలము తెలుగు కనబడును. లేనినాడు పిచ్చిగీతలు కనబడును. తెలుగునకు యూనికోడులో 1991 నుండియు సొంత స్థానములున్నను, అచ్చుకూటములు ఈ పాత పద్ధతిని ఇంకను పూర్తిగా విడువలేదు.

మే 20వ తేదీ సాయంకాలము గాలివాన వచ్చినది. యంత్రము తనంతట తాను అప్‌డేటును ఎక్కించుకొనుచున్న సమయమునకే కరెంటు పోయినది. తిరిగి వచ్చిన పిమ్మట మీట నొక్కిన, తెరపై చుక్కలు కొంతసేపు గుండ్రముగా తిరిగి, ఆగి, మరల మొదటికి వచ్చుచుండెను. మరమ్మతు చేయువారి నొకరిని పిలువగా ఆయన రెండు నిమిషములు చూచి, ఫార్మాట్ చేసి క్రొత్తగా ఎక్కించుటయే మార్గమనెను. ఫార్మాట్ అనగా పలకను తుడుచుట. ఇల్లు బూజు పట్టినదని ఇంటికి నిప్పు పెట్టుట వంటి ఈ వైద్యము మన ఊళ్లలో మిక్కిలి వాడుకలో నున్నది. కారణము లేకపోలేదు, అది త్వరగా ముగియును, ఆలోచింప పనిలేదు.

వై.ఎన్. హొసకోటెలో కంప్యూటరు పని చేయు మా మేనల్లుడు ఆ రాత్రి ఫోనులో సంగతి విని, ఎవ్వరును దేనిని తాకవద్దని చెప్పి, మరునాటి ఉదయపు బస్సులో దిగెను. వచ్చి అతడు చెప్పిన మాటను మాకు తెలిసినంత వివరించెదము.

విండోస్ అను మూలతంత్రములో సిస్టమ్ రిస్టోర్ అను ఒక ఏర్పాటు కలదు. మైక్రోసాఫ్టువారు దీనిని 2000లో విండోస్ మి అను కూర్పుతో ప్రవేశపెట్టి, 2001లో ఎక్స్‌పీతో ఇంటింటికి చేర్చిరి. క్రొత్త ప్రోగ్రామునో, డ్రైవరునో, అప్‌డేటునో ఎక్కించు ముందు యంత్రము తన అప్పటి స్థితిని గుర్తుపెట్టుకొనును. మూలఫైళ్లు ఎట్లున్నవి, రిజిస్ట్రీ యను లోపలి పద్దు ఎట్లున్నది, ఏ ప్రోగ్రాములున్నవి అను విషయములు అందు చేరును. దీనికి రిస్టోర్ పాయింటు అని పేరు. పిమ్మట ఏదైన చెడినచో, ఆ తేదీ స్థితికి యంత్రమును మరలింపవచ్చును. ఇందుకై డిస్కులో కొంత చోటు కేటాయింపబడును. అది నిండినకొలది పాత గుర్తులు చెరిగి క్రొత్తవి చేరును. కొన్ని యంత్రములలో ఈ ఏర్పాటు మొదటినుండి ఆపివేయబడియే యుండును గనుక, అవసరము రాకమునుపే చూచుకొనుట మేలు. యంత్రము బొత్తిగా తెరచుకొననప్పుడును దారి యున్నది. రెండు మూడు మారులు ప్రారంభము విఫలమైనచో మరమ్మతు తెర తానే వచ్చును. దానిలోని మెట్లు దిగిపోయినచో రిస్టోర్ పాయింట్ల పట్టిక దొరకును.

మా యంత్రమున అట్టి పట్టిక దొరకినది. రెండే తేదీలుండెను: ఒకటి మే 19, రెండవది ఏప్రిల్ 27.

అంతవరకు మౌనముగా కూర్చున్న మాలోని పెద్దాయన అప్పుడు లేచెను. నాగలమడికె చుట్టుప్రక్కల ముసలివారందరిచేత పాటలను దిద్దించుకొని వచ్చినవాడు ఆయనయే. "ఏమప్పా, ఏప్రిల్ నెలకు పోతే, మే నెల్లో మేము దిద్దిండేదంతా ఏమయితాది?" అని అడిగెను. మాకందరికిని లోలోపలనున్న భయము అదియే. యంత్రము బాగుపడి, పని మూడు వారములు వెనుకకు పోయినచో ఎవరికేమి లాభము? దిద్దినవారిలో ఒకరు అప్పటికే మంచము పట్టియుండిరి.

"పాటలు యాడికీ పోవు తాతా," అని అతడు బదులు చెప్పెను. "వెనక్కి పోయేది ఇల్లు కాదు, ఇంట్లో కరెంటు తీగలు, నీళ్ల కొళాయిలు. పెట్టెలో నువ్వు పెట్టుకున్న కాగితాలు అట్లే ఉంటాయి."

పోలిక బాగున్నది, మాట కూడ సత్యమే. సిస్టమ్ రిస్టోర్ మనము వ్రాసికొన్న పత్రములను, చిత్రములను ముట్టదు. అందుచేతనే పోగొట్టుకొన్న పత్రమును అది తిరిగి తెచ్చి ఇవ్వనులేదు. ఈ రెండవ సంగతిని చాలమంది మరతురు. అయినను పెద్దాయన కూర్చొనలేదు. "నీ మాట నమ్ముతా, మిషన్‌ను నమ్మను," అనెను. మేనల్లుడు నవ్వి, అదియు మంచిదేనని, డిస్కును పెట్టెనుండి ఊడదీసి, తాను తెచ్చిన మరియొక యంత్రమునకు తీగతో తగిలించి, పాటల సంచయమునంతయు ముందు దానిలోనికి ఎక్కించెను. ఇప్పటి క్రొత్త యంత్రములలో పెక్కింటి డిస్కులు తాళము వేయబడి యుండును. 48 అంకెల తాళపుచెవి చేతలేనిచో ఇట్లు ఊడదీసి ప్రయోజనము లేదు. మాది పాతది యగుటచే ఆ చిక్కు రాలేదు.

పిమ్మట మే 19ని ఎన్నుకొని మరలింప ప్రయత్నించెను. అరగంట తిరిగి, పని నెరవేరలేదని తెరపై వాక్యము వచ్చెను. ఇట్లగుట అరుదు కాదట. మిగిలినది ఏప్రిల్ 27 ఒక్కటే. ఈమారు ఎవరును మాటలాడలేదు. ఇంటి ఇల్లాలు రెండుమారులు కాఫీ తెచ్చినది. మూడవమారు తెచ్చునప్పటికి యంత్రము తెరచుకొని, ఎప్పటి బొమ్మతో ఎదుట నిలిచెను.

పత్రములన్నియు నున్నవి. పెద్దాయన తానే మీద వ్రేలు పెట్టి మొదటి పాటను తెరువుమనెను. తెరచిన, తెరనిండ ఇంగ్లీషు ముక్కలు, ఆశ్చర్యార్థకములు, బ్రాకెట్లు! ఒక్క తెలుగు అక్షరము లేదు. ఆయన ముఖము చూడలేకపోతిమి. మేనల్లుడు మాత్రము తొణకలేదు. తెలుగు ఫాంటు చేర్చినది మే 3న. యంత్రము మరలినది ఏప్రిల్ 27కు. ఆనాటి యంత్రమునకు ఆ ఫాంటు తెలియదు. పాట ఉన్నది, దానిని చూపు కన్ను లేదు, అంతే. ఫాంటును మరల చేర్చి, అదే పత్రమును తెరచెను. అవ్వ పాట, దానిపై ముసలివారు చేయించిన దిద్దుబాట్లు, అన్నియు వరుసగా తెలుగులో నిలిచెను. పెద్దాయన కండ్లద్దములు తీసి పంచెచెరగుతో తుడుచుకొని, పదునాలుగు పాటలను మొదటినుండి చివరివరకు మాచేత చదివించుకొని గాని భోజనమునకు లేవలేదు.

ఈ మరలుట యను విద్యకు హద్దులెంతవో మరుసటి ఏడు లోకమంతయు చూచెను. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అను రక్షణసంస్థ పంపిన ఒక లోపపు ఫైలు వలన ప్రపంచమున సుమారు 85 లక్షల విండోస్ యంత్రములు నీలితెర వేసి కూలబడినవి. బెంగళూరు, హైదరాబాదు విమానాశ్రయములలోను ఆ దెబ్బ కనబడెను. ప్రయాణికులకు చేతితో వ్రాసిన బోర్డింగు పాసులనిచ్చిరి. సంస్థవారు ఆ ఫైలును 78 నిమిషములలోనే వెనుకకు తీసికొనిరి. కాని అప్పటికే దానిని మ్రింగిన యంత్రములు తెరచుకొనవు. తెరచుకొననిదే దిద్దిన ఫైలును అందుకొనలేవు. కడకు చాలచోట్ల మనుష్యులే ఒక్కొక్క యంత్రము ముందు కూర్చుండి, సేఫ్ మోడులో తెరచి, ఆ ఒక్క ఫైలును చెరపవలసి వచ్చెను. పంపినవాడు వెనుకకు తీసికొనుట వేరు, పుచ్చుకొన్నవాడు వెనుకకు మరలుట వేరు.

మన లిపికి సంబంధించిన వింత మరొకటి ఇంతకు మునుపే జరిగినది. 2018 ఫిబ్రవరిలో తెలుగు "జ్ఞా" అక్షరపు ఒక కూర్పు ఐఫోనులకు వచ్చినచో, దానిని చూపబోయిన యాప్‌లు కుప్పకూలెడివి. జ్ఞానమునకు మొదటి అక్షరము గదా, ఎందరో నవ్వుకొనిరి. దానికి మందు వెనుకకు మరలుట కాలేదు. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న క్రొత్త కూర్పును విడుదల చేసి సరిదిద్దెను.

మేనల్లుడు తిరిగి పోవుముందు యంత్రము బాగున్న ఆ స్థితిని తన చేతితో ఒక రిస్టోర్ పాయింటుగా గుర్తుపెట్టించెను. దానికి మనము ఇష్టమైన పేరు పెట్టవచ్చునట. ఏమి పెట్టుదమని అతడు అడుగగా, పెద్దాయన "అవ్వ విసుర్రాయి" అనెను. అట్లే వ్రాసినాము. పాటలనన్నిటిని యూనికోడులోనికి మార్చి మూడుచోట్ల దాచు పనియు అతడే చేసిపెట్టెను.

ఇప్పుడు మిగిలిన పని ఒక్కటి. అవ్వ పాడిన ఆరవ పాటలో ఒకచోట రాయి చప్పుడు మాటను మ్రింగివేసినది. మాలో కొందరికి అది "కొళగము" అని వినబడును, అనగా కన్నడదేశపు ధాన్యపు కొలత. కొందరికి "కలశము" అని వినబడును. ధాన్యపు పాట గనుక మొదటిదే సరియని మేము తలచుచున్నాము. పెద్దాయన ఒప్పుకొనుట లేదు. ఆ పాట నెరిగిన మరియొక అవ్వ నాగలమడికె దగ్గర పల్లెలో నున్నదని విన్నాము. వచ్చు ఆదివారము ఆయనతో కలిసి ఆ పల్లెకు పోవుచున్నాము.