తార్నాక పాతయిండ్ల గవాక్షములు

హైదరాబాదు నగరమునకు వచ్చినవారు ఉస్మానియా విశ్వవిద్యాలయమును జూడక మరలుట యరుదు. 1918వ సంవత్సరమున ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖానుగారి ఫర్మానాచే నీ విద్యాలయము వెలసెను. ఇందలి ఆర్ట్సు కళాశాల భవనము 1939 డిసెంబరు 4వ తేదీన ప్రారంభింపబడినది. బెల్జియము దేశీయుడగు ఎర్నెస్ట్ జాస్పరు దీనికి రూపకల్పన చేసెను. గులాబివన్నె రాతితో గట్టిన యా సౌధమున హైందవ మహమ్మదీయ శిల్పరీతులు రెండును గలిసి మెలసి యున్నవి. చూడవచ్చినవారెల్లరును ముఖద్వారముకడనే నిలిచి మెచ్చుకొందురు. గృహిణి గమనింపదగినది మఱియొకటి గలదు. వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నమున గూడ లోని వసారాలలో నడచినచో మేను చల్లబడును. దళమైన గోడలును, ఎత్తైన కప్పును, గాలికి విడిచిన త్రోవలును అందులకు కారణములు.

విద్యాలయపు ఆవరణము దాటినంతనే తార్నాక. తార్ అనగా తీగ, నాకా యనగా కావలిస్థానము. పూర్వ మొక తోటకు తీగకంచె వేసి కావలి నుంచుటచే నీ పేరు గలిగెనని చెప్పుదురు. ఆచార్యులును, రైల్వే యుద్యోగులును, పరిశోధనాలయములలోని శాస్త్రజ్ఞులును నివాసము లేర్పఱచుకొన్న చోటిది. ఇప్పుడు మెట్రో రైలు తలపైగా సాగుచున్నది. అంతస్తుల మేడలు లేచినవి. అయినను ప్రక్కవీధులలోనికి మరలినచో వేపచెట్టు నీడను, పెంకుల చూరుతోనో, గచ్చు మిద్దెతోనో పాతయిండ్లు కొన్ని యింకను గానవచ్చును.

అట్టి యిండ్లలో గోడమీద, కప్పునకు జేరువగా, చిన్న కంతలు గలవు. కొన్నింటికి పోత యినుపజాలి, కొన్నింటికి నడుమ తిరుగు చిన్న టేకు తలుపు, దానిని లాగుటకు క్రిందికి వ్రేలాడు త్రాడు. మనవారు దీనిని వెంటిలేటరందురు. నగరమున రోషన్‌దానను మాటయు వాడుకలో నున్నది. రోషన్‌దానన వెలుగునకు తావు. అమరకోశమున వాతాయనము, గవాక్షము అని రెండుపేళ్ళు జంటగా నున్నవి. వాతాయనమన గాలి నడచు త్రోవ. గవాక్షమన గోవు కన్ను. ఈ పేళ్ళన్నియు గాలినో, వెలుగునో, చూపునో చెప్పుచున్నవి గాని, అలంకారమును జెప్పుటలేదు.

దాని పని సులభము. వేడిగాలి తేలిక గావున పైకి లేచును. పైకంత తెఱచియున్నచో అది వెలికిపోవును. క్రింది కిటికీలనుండి చల్లనిగాలి లోనికి వచ్చును. పగలు క్రింది కిటికీలు మూసి, రాత్రి తెఱచినచో గది చల్లబడును. చలిదేశముల పాతయిండ్లలోను ఇట్టి యినుపజాలులు గలవు. అవి నేలలోనో గోడలోనో అమర్చబడి, కొలిమినుండి గొట్టముల వెంట వచ్చు వెచ్చనిగాలిని గదిలోనికి విడుచును. వారికి వెచ్చదనము లోనికి రావలయును, మనకు వేడి వెలికి పోవలయును. అక్కడను ఇక్కడను జాలికి బట్టిన రోగము మాత్ర మొక్కటే. అది రంగు.

పండుగకును, పెండ్లికిని ఇల్లు అలంకరించినప్పుడెల్ల పాతపూతమీద క్రొత్తపూత వేయుదురు. తార్నాకలోని మా బంధువుల యింట జాలి కన్నములు బియ్యపుగింజ దూరరానంత సన్నమైనవి. తిరుగుడు తలుపు చట్రమునకు అంటుకొని, త్రాడు లాగినను కదలనిదాయెను. ఆ గది కొలిమివలె నుండెడిది. ఇంటివారు జాలిని పెఱికి ఇటుకలు గట్టింప నెంచి, తుదకు బాగుచేయించిరి. ఆ పని నేను దగ్గఱనుండి చూచితిని.

సోదరీమణులారా! ఇందు మొదట తెలియవలసినది సీసమును గూర్చి. పూర్వపు తైలపు రంగులలో సీసము హెచ్చుగా గలిసియుండెడిది. ఇనుముమీద వేయు ఎఱ్ఱని తొలిపూత సీససిందూరమే కావచ్చును. మన దేశమున ఇంటిరంగులలో సీసము పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదను నియమము 2017 నవంబరునుండియే అమలులోనికి వచ్చినది. కావున పాతపూతలన్నిటిని సీసము గలవానిగానే యెంచవలెను. ఆ ధూళి పసిబిడ్డల బుద్ధివికాసమునకును, గర్భస్థ శిశువునకును చేటు. ఇనుము, సున్నము కొఱవడిన దేహములోనికి సీసము మఱింతగా నింకును. గావున ఆకుకూరలు, పాలు బిడ్డల భోజనమున లోపింపనీయరాదు. భోజనము మాట వచ్చినది గావున నొకటి చెప్పెదను: 1958లో కూనూరునుండి తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ ఈ తార్నాకలోనే యున్నది.

పాతరంగును పొడిగా గరుకుకాగితముతో రుద్దరాదు, మంటతో కాల్పరాదు. ఆ పొడియు, పొగయు విషమే. పిల్లలను, గర్భిణులను ఆ పనిచోటికి రానీయరాదు. జాలిని ఊడదీసి పెరటికి గొనిపోయి, క్రింద గట్టి పట్టా పఱచి, రంగు తీయు మందు పట్టించి, మెత్తబడిన పూతను తడిగానే గీకివేయవలెను. బందులు, కొక్కెములు మొదలగు చిన్న లోహపు సామానును సబ్బునీటిలో కాచినచో పూత పొరలుగా నూడివచ్చును. ఆ గిన్నె మఱల వంటింటికి రారాదు. ఆ నీరు తులసికోటలోను, కూరమడిలోను పోయరాదు. గీకిన పెచ్చులను మూటగట్టి వేఱుగా నుంచవలెను. పని చేసినవారు ముఖమునకు మంచి ముసుగు ధరించి, పిదప స్నానముచేసి బట్టలు వేఱుగా నుదుకుకొనవలెను.

ఇనుమును వెంటనే యెండలో నారబెట్టి, రెడ్ ఆక్సైడు పూత యొకటియు, సీసము లేని ఎనామిలు పూతలు రెండును పలుచగా వేయవలెను. కన్నములలో రంగు నిలిచినచో శ్రమ వృథా. టేకునకు అవిసెనూనె చాలును. ఇత్తడి బందులు చింతపండుతో దోమినచో మెఱయును.

పావురములకును, దోమలకును వెఱచి యీ కంతలను మూయువారు పెక్కండ్రు. వెలుపల తీగవలయు, లోపల ఊడదీసి కడుగుటకు వీలగు సన్నని తెరచట్రమును బిగించినచో రెండు బాధలును తీఱును. శీతలయంత్రము నడచు వేళ తిరుగుడు తలుపు మూసికొని, ఆపినప్పుడు తెఱచికొనవచ్చును.

బంధువులయింట ఆఱు జాలులకు పది దినములు పట్టినవి. పూతలన్నియు పోయినపిదప పోతయినుములో తామరపూవులు బయటపడెను. అవి ఉన్నవని ఇంటి ముసలమ్మగారికి దక్క నితరులకు దెలియదు. ఆ రాత్రి త్రాడు లాగగా తలుపు తిరిగెను. గది వేడి వెలికి నడచెను. ఇంటికి మఱియొక పూత వేయింపక ముందు ఒకమాఱు నిచ్చెన వేయించి, మీ యింటి గవాక్షములు తెఱచియున్నవో లేవో చూడుడు.