పలకల దుమ్ములో పాటల గది

మార్కాపురంలో రాయి కోసే మిషన్లు ఆడుతున్నంతకాలం దుమ్ముకు సెలవుండదు. ఒకప్పుడు బడిపిల్లల పలక అంటే ఈ ఊరి పేరే చెప్పేవారు. ఇప్పుడు రాసే పలక తగ్గింది. గోడలకు అతికించే, నేలకు పరిచే పలకరాయి పెరిగింది. సరుకు మారినా కోత మారలేదు. బూడిదరంగు మెత్తటి పొడి కిటికీ ఊచల మీదా, ఆరేసిన బట్టల మీదా, ఫ్యాను తిరిగే ప్రతి యంత్రం లోపలా చేరుతుంది. కంప్యూటరుకు దుమ్ము, వేడి, నిలకడ లేని కరెంటు పడవు. మూడూ పుష్కలంగా ఉన్న ఈ ఊళ్లో ఒకతను మేడ మీద గదిలో పాటలు రికార్డు చేస్తున్నాడనీ, పాట నడుమ మిషను ఆగిపోవడం అతని దగ్గర జరగదనీ కంభం వైపు చెక్కభజన బృందాలవాళ్లు చెబితే చూడ్డానికి వెళ్లాను.

ఇల్లు చెన్నకేశవస్వామి గుడికి కాస్త దూరంలో ఒక సందులో ఉంది. మనిషికి నలభై లోపే. కంప్యూటర్ల రిపేరు షాపులో పనిచేస్తూ, భజనల్లో తబలా వాయిస్తూ, చివరికి ఆ రెండూ కలిసే పనిలో కుదురుకున్నాడు. "పేరు రాయొద్దన్నా. రాశావంటే రికార్డింగుకు ఫోన్లు రావు, రిపేర్లకు వస్తాయి" అన్నాడు నవ్వుతూ. పాటల మీదే ఇల్లు గడవదు. ఆటోలకు కట్టే మైకుల్లో వినిపించే బట్టల షాపు ప్రకటనలు, బడుల అడ్మిషన్లు, తిరునాళ్ల పిలుపులు, క్రిస్మస్ ముందు చర్చిల పాటలు, కార్తీకంలో అయ్యప్ప భజనలు, ఎన్నికలొస్తే అన్ని పార్టీల పాటలూ చేస్తాడు. ఆకాశవాణి కేంద్రం మార్కాపురంలోనే ఉంది. అయినా సొంత పాటను సొంత ఖర్చుతో రికార్డు చేయించి యూట్యూబులో పెట్టుకోవాలనుకునేవాళ్లకు ఇలాంటి గదే దిక్కు. పాతరోజుల్లో అయితే విజయవాడకో మద్రాసుకో రైలెక్కాలి.

గది చిన్నదే. గోడలకు పాత బొంతలు వేలాడుతున్నాయి. మొదట కోడిగుడ్ల అట్టలు అతికించాడట; బయటి చప్పుడును అవి ఆపవని తేలాక పీకేశాడు. మైకు స్టాండు, రెండు మైకులు పట్టే ఆడియో ఇంటర్‌ఫేస్, కీబోర్డు, మానిటరు, ఒక జత స్పీకర్లు. కంప్యూటరు డబ్బా మాత్రం కనిపించదు. గోడకు రంధ్రం చేసి, అవతల సామాన్ల గదిలో ఒక బల్ల మీద పెట్టాడు. దాని ఫ్యాను మోత మైకులో పడకూడదని ఆ ఏర్పాటు. యూఎస్‌బీ తీగ ఐదు మీటర్లు దాటితే నమ్మకం ఉండదు కాబట్టి బల్లను గోడకు ఆనించాడు. నేల మీద పెట్టకపోవడానికి కారణం మళ్లీ దుమ్మే. ఊడ్చినప్పుడు లేచేదంతా ముందు కింద ఉన్న యంత్రంలోకే పోతుంది.

అమావాస్యనాడు కొత్త పాటకు ఎవరూ కొబ్బరికాయ కొట్టరు. స్టూడియో ఖాళీ. ఆ రోజు డబ్బా ఆరుబయటికి వస్తుంది. బ్లోయరు కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకుంటాడు. గాలి విసురుకు అది విపరీతమైన వేగంతో తిరిగితే బేరింగు దెబ్బతింటుంది. గాలి లోపలికి వెళ్లేచోట సన్నటి నైలాన్ జాలీ బిగించాడు. దాన్ని విప్పి కడిగి ఆరేస్తాడు. ఏడాదికోసారి, ఎండలు ముదరకముందే, ప్రాసెసరు మీద థర్మల్ పేస్టు మారుస్తాడు. వేసవిలో ఇక్కడ 40 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు, పైగా రికార్డింగు నడిచేంతసేపూ ఏసీ ఆపాలి. వేడెక్కిన ప్రాసెసరు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. లెక్కలు రాసుకునేవాళ్లకు ఆ తేడా తెలియదు. రికార్డింగులో మాత్రం పాట మధ్య "టక్కు"మని చప్పుడై బయటపడుతుంది. "ఫ్యాన్లో దుమ్ము పేరుకుందని ఎవరికీ తట్టదన్నా. సాఫ్ట్‌వేరు బాలేదనుకుని ఇంకోటి ఎక్కిస్తారు. జబ్బు ఒకచోట, మందు ఇంకోచోట."

కరెంటు సంగతి అడిగితే మెట్ల కింద ఉన్న ఇన్వర్టరు చూపించాడు. పాత రకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు మీద ఫ్యాన్లు గుయ్యిమంటాయి, ఆ మోత స్పీకర్లలోకీ ఎక్కుతుంది. అందుకని ప్యూర్ సైన్ వేవ్‌ది కొన్నాడు. దాన్ని ఎప్పుడూ యూపీఎస్ మోడ్‌లోనే ఉంచుతాడు. కరెంటు పోయాక ఇన్వర్టరు అందుకునేలోపు కంప్యూటరును మోయాల్సింది దాని పవర్ సప్లై (ఎస్‌ఎంపీఎస్)లోని కెపాసిటర్లు. మంచి ఎస్‌ఎంపీఎస్ నిండు లోడు మీద 16, 17 మిల్లీ సెకన్లు మాత్రమే తట్టుకుంటుంది. చవక రకానిది అంతసేపు కూడా ఆగదు. అందుకే కొత్త గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టాల్సిన డబ్బు అతను ఎస్‌ఎంపీఎస్ మీద పెట్టాడు.

నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది మాత్రం పెరట్లోని ఎర్తు గుంత. బొగ్గు, ఉప్పు వేసి పూడ్చినది, పైన మూత, పక్కన ప్లాస్టిక్ బిందె. ఈ నేల రాతినేల, పైగా ఎండినది. తేమ లేని మట్టిలోకి కరెంటు సరిగ్గా దిగదు, ఎర్తు ఉన్నా లేనట్టే. అప్పుడు మైకు తీగల్లో 50 హెర్ట్‌జ్ గుంయ్ మోత మొదలవుతుంది. ఈ ప్రాంతంలో ఫ్లోరైడు భయానికి చాలా ఇళ్లు ఆర్వో నీళ్ల మీదే ఆధారపడతాయి. ఆ యంత్రం శుద్ధి చేసి వదిలేసే ఉప్పునీళ్లు తాగడానికి పనికిరావు. వాళ్లమ్మ వాటిని బిందెకు పట్టి, వేసవిలో రోజూ ఈ గుంతలో పోస్తుంది. కంప్యూటరు, ఇంటర్‌ఫేస్, స్పీకర్లు మూడింటికీ ఒకే ప్లగ్గుల పట్టీ నుంచి, ఒకే ఎర్తు మీద కరెంటు వెళ్తుంది. మోతను సాఫ్ట్‌వేరుతో గీకి తీసేయొచ్చు గదా అన్నాను. "తీయొచ్చన్నా. దాంతోపాటు మగగొంతులో బరువు కూడా పోద్ది" అన్నాడు.

నేనున్నప్పుడే కంభం చెరువు కింది ఊరి నుంచి నలుగురు ఆడవాళ్లు నాట్ల పాటలు పాడటానికి వచ్చారు. గుండ్లకమ్మకు అడ్డంగా కొండల నడుమ కట్టిన ఆ చెరువు విజయనగర రాజుల కాలం నాటిది. గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకుంటారు. చెరువులో నీళ్లు చేరిన ఏడాదే నాట్లు, నాట్లున్నప్పుడే పాట. వానలు మొహం చాటేసిన ఏళ్లలో పాటకు పని ఉండదు. ముందుండి పాడే అవ్వకు డెబ్బై దాటి ఉంటాయి. హెడ్‌ఫోన్లు చూసి వద్దంది. అతను బలవంతపెట్టలేదు. ఒకసారి గొంతెత్తి పాడమని, అత్యంత బిగ్గరైన చోటు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా గెయిను తిప్పుకున్నాడు. 24 బిట్ల రికార్డింగులో స్థాయి కొంచెం తగ్గినా నష్టం లేదు. పైకి కొట్టుకుని చిట్లిన గొంతును మాత్రం ఎవరూ బాగుచేయలేరు.

పాట మంచి ఊపులో ఉండగా కరెంటు పోయింది. వీధిలో ఎవరి మిక్సీయో ఆగిపోవడం, మిద్దె కింద ఎవరో కేకేయడం వినిపించింది. తెర మీద గీతలు అలాగే సాగుతున్నాయి. అతను తల కూడా తిప్పలేదు. పాట అయ్యాక అవ్వ "ఇంకోసారి పాడాల్నా నాయనా?" అంది. "వద్దులే అవ్వా, బాగా పడింది." తర్వాత నాతో అన్నాడు: "రెండోసారి పాడమంటే ముసలోళ్లు పాడతారు గానీ, వరస గుర్తుచేసుకుంటా పాడతారు. మొదటిసారి పాడేటప్పుడు చేనే గుర్తొచ్చుద్ది. వాళ్లు రెడీ అయిన టయానికి మిషను రెడీగా ఉండాల. నిన్న ఎట్టుందో ఇయ్యాళా అట్టనే ఉండాల. అంతేనన్నా నా పని."

సాయంత్రం తర్లుపాడు నుంచి ఒక కుర్రాడు సంగీతం ట్రాకు తెచ్చుకుని వచ్చాడు. ట్రాకు మీద పాడాలంటే హెడ్‌ఫోన్లు తప్పవు, అక్కడే బఫర్ లెక్క వస్తుంది. సెకనుకు 48,000 శాంపిళ్ల చొప్పున వచ్చే గొంతును కంప్యూటరు గుత్తులు గుత్తులుగా తీసుకుంటుంది; ఆ గుత్తి సైజే బఫరు. గుత్తికి 128 అయితే 2.7 మిల్లీ సెకన్లు పడుతుంది, 1024 అయితే 21 దాటుతుంది. పోవడానికీ రావడానికీ కలిపి దానికి రెట్టింపు పైమాటే. "ట్యాంకరు వచ్చే వీధిలో నీళ్ల డ్రమ్ము లాంటిదన్నా ఇది. డ్రమ్ము పెద్దదైతే ట్యాంకరు లేటైనా ఇంట్లో ఇబ్బంది ఉండదు. చిన్నదైతే ఏమాత్రం లేటైనా ఉత్తదవుద్ది." అయితే పెద్ద బఫరుతో పాడేవాడికి తన గొంతే ఆలస్యంగా వినిపించి తాళం వెనకబడుతుంది. అందుకే పాడేటప్పుడు 128, మిక్సింగుకు 1024. కంప్యూటరు మరీ నలిగే రోజున ఇంటర్‌ఫేస్‌లోని డైరెక్ట్ మానిటరింగ్ మీట నొక్కి, గొంతును కంప్యూటరు దాకా పోనివ్వకుండానే చెవికి తిప్పుతాడు.

ఆ 2.7 మిల్లీ సెకన్లలో ప్రాసెసరు ఇంకెవరి పనిలోనూ ఇరుక్కోకూడదు. చప్పుళ్లు మొదలైన రోజుల్లో అతను లేటెన్సీమాన్ అనే ఉచిత సాధనం నడిపి చూశాడు. ఏ డ్రైవరు ప్రాసెసరును ఎంతసేపు పట్టి ఉంచుతోందో అది చూపిస్తుంది. దొంగ వైఫై డ్రైవరని తేలింది. అప్పటి నుంచి రికార్డింగు మిషన్లో వైఫై ఆపేసి ఉంటుంది. పవర్ ప్లాన్ హై పెర్ఫార్మెన్స్‌లో పెట్టాడు, నడుమ నడుమ యూఎస్‌బీని నిద్రపుచ్చే ఏర్పాటు తీసేశాడు, ఇంటర్‌ఫేస్‌తో వచ్చిన ఏఎస్ఐఓ డ్రైవరే వాడతాడు. వాట్సాప్, యూట్యూబ్ పనులకు వేరే పాత ల్యాప్‌టాప్ ఉంది. పాడేవాళ్లు తెచ్చే పెన్‌డ్రైవులు ముందు దానికే గుచ్చాలి. పదిమంది చేతులు తిరిగిన పెన్‌డ్రైవులో పాట ఒకటుంటే వైరసులు నాలుగుంటాయని అతని అనుభవం.

మొదట్లో అందరిలాగే క్రాక్ చేసిన సాఫ్ట్‌వేరు వాడానని దాచుకోకుండా చెప్పాడు. అది ఎప్పుడు తెరుచుకుంటుందో, ఎప్పుడు మూసుకుంటుందో దానికే తెలియదు. ఇప్పుడు వాడేది రీపర్. ఒకనాడు ఇంటర్నెట్ సెంటర్లలో అందరూ పాటలు విన్న వినాంప్‌ను రాసిన జస్టిన్ ఫ్రాంకెల్ తర్వాత మొదలుపెట్టింది ఇది, 1.0 వెర్షను 2006లో వచ్చింది. చిన్నస్థాయి వాళ్లకు లైసెన్సు 60 డాలర్లు. అతనికి నచ్చినవి రెండు. మొత్తం సాఫ్ట్‌వేరును సెట్టింగులతో సహా ఒక ఫోల్డరులో పెట్టుకుని ఇంకో కంప్యూటరుకు మోసుకెళ్లొచ్చు. పాట ప్రాజెక్టు ఫైలు మామూలు అక్షరాల ఫైలు, నోట్‌ప్యాడులో తెరిచినా చదవొచ్చు. అదనంగా ఎక్కించిన ప్లగిన్ ఒకటి కనబడకుండా పోయినా పాట మొత్తానికి తాళం పడిపోదు.

కొత్తది వచ్చిందంటే వెంటనే ఎక్కించడు. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసినప్పుడు కూడా తొందరపడలేదు. నెట్టుకు దూరంగా ఉండే మిషనే గదా అని, పని పలచబడే దాకా ఆగాడు. అప్పుడు పాత ఎస్‌ఎస్‌డీని విప్పి, దాని మీద తేదీ రాసి బీరువాలో పెట్టాడు. కొత్త ఎస్‌ఎస్‌డీ మీద కొత్త విండోస్, డ్రైవర్లు, రీపర్ ఎక్కించి పాత పాటలు ఒక్కొక్కటే తెరిచి చూశాడు. ఏది తేడా కొట్టినా పది నిమిషాల్లో పాతది బిగించి పనిలోకి దిగొచ్చన్న ధైర్యం అది. పెద్ద పని ఒప్పుకున్నాక అది పూర్తయ్యేదాకా కంప్యూటరులో ఏ మార్పూ ఉండదు.

పాట అయిపోగానే ప్రతి ట్రాకునూ మొదటి సెకను నుంచి చివరిదాకా వేవ్ ఫైలుగా తీసి పెడతాడు. ప్లగిన్లు వస్తాయి, పోతాయి. 32 బిట్ల కాలం నాటివి కొన్ని ఇప్పుడు తెరుచుకోవు. వేవ్ ఫైలు 1991 నుంచీ ఉంది, ఎక్కడైనా మోగుతుంది. నిమిషం మోనో ట్రాకుకు 8.6 మెగాబైట్లు, పది ట్రాకుల ఐదు నిమిషాల పాటకు 430 దాకా. ఒక టెరాబైటు డిస్కులో రెండువేలకు పైగా పాటలు పడతాయి. ఒక డిస్కు ఇంట్లో ఉంటుంది. ఇంకోటి గిద్దలూరులో అక్కావాళ్ల ఇంట్లో. పండక్కి వెళ్లినప్పుడు మార్చుకొస్తాడు. అమావాస్య శుభ్రం అయ్యాక పాత పాట ఒకటి డిస్కులోంచి తీసి ల్యాప్‌టాప్‌లో మోగించి చూడటం కూడా పనిలో భాగమే. తెరిచి చూడని బ్యాకప్‌ను అతను బ్యాకప్ అనడు.

నేను బయల్దేరబోతుండగా గిద్దలూరు నుంచి ఫోను. ఎవరో కుర్రాడు, కొత్తగా గది మొదలుపెట్టాడు, రికార్డింగులో చప్పుళ్లు వస్తున్నాయి, ఇంకా పెద్ద ప్రాసెసరు కొనాలా అని అడుగుతున్నాడు. ఇతను వరసగా ప్రశ్నలు వేశాడు: డబ్బా విప్పి ఎన్నాళ్లయింది, వైఫై ఆపావా, బఫరు ఎంతలో ఉంది, ఎర్తు ఎవరు వేశారు. కొనడం గురించి ఒక్క మాటా చెప్పలేదు. పెద్ద స్టూడియోల్లో పాడించేవాడొకడు, యంత్రాలు చూసేవాడొకడు ఉంటారు. ఇక్కడ ఇద్దరూ ఒకడే. అందుకని మరమ్మతు కూడా ఒక్కడు రోజువారీ చేసుకోగలిగినంత చిన్నదిగా ఉండాలి: జాలీ కడగడం, తేదీ రాయడం, పెన్‌డ్రైవును ల్యాప్‌టాప్‌కే గుచ్చడం. ఫోను పెట్టేసి అన్నాడు: "మంచి మైకు కొన్నోళ్లు మా వైపు చానామంది ఉన్నారన్నా. ఎర్తు గుంతలో నీళ్లు పోసేవాళ్లే తక్కువ." పాడేవాళ్లు ఎర్తు గుంతను చూడరు గానీ తేడా మాత్రం పట్టేస్తారు. కంభం నుంచి ఆ నలుగురూ బస్సెక్కి మార్కాపురం దాకా వచ్చింది అందుకే.