రెసిన్ నా చేతులకి చేసిన పని

రిమోట్‌తో నడిచే రేసు పడవని సొంతంగా కట్టుకోవడంలో కష్టమంతా మోటారు దగ్గరో రేడియో దగ్గరో ఉంటుందని చాలామంది అనుకుంటారు. అవి రెండూ కొనుక్కొచ్చుకునేవే, పేచీ పెట్టలేదు. నన్ను పడగొట్టింది పడవ ఒళ్లు, అంటే ఫైబర్ పని.

మాది కాకినాడ. ఇక్కడ వేటకెళ్లే తెప్పలూ బోట్లూ చాలావరకు ఫైబర్‌వే కాబట్టి గాజుగుడ్డ, రెసిను, పని తెలిసినవాళ్లు అన్నీ దగ్గర్లోనే దొరుకుతాయి. మా అక్క కొడుకు డిప్లొమా చదువుతున్నాడు. వాడూ నేనూ కలిసి 70 సెంటీమీటర్ల పడవ కట్టాలనుకున్నాం. కింద V ఆకారం, నాలుగు సెల్లుల లిపో బ్యాటరీ, 2000 కేవీ మోటారు, అంటే వోల్టుకి నిమిషానికి 2000 చుట్లు. సెల్లుకి 3.7 వోల్టుల లెక్కన 14.8 వోల్టులు. బరువేమీ లేకుండా తిరిగితే నిమిషానికి 29,600 చుట్లు. అంత వేగానికి ఒళ్లు పల్చగా, తేలిగ్గా, గట్టిగా ఉండాలి. అందుకే బోట్లకి వాడే పాలియెస్టర్ రెసిను కాదని ఎపాక్సీకి వెళ్లాం.

చెక్కతో నమూనా చేసి, దానిమీద అచ్చు తీసి, అచ్చుకి మైనం రాసి లోపల గుడ్డ పరిచేవాళ్లం. రెసిను 100 గ్రాములైతే హార్డెనర్ 10 గ్రాములు, తూకం వేసి కలపాలి. కలిపింది గిన్నెలో ఎక్కువసేపు ఉంటే దానంతటదే వేడెక్కి పొగలొస్తుంది కాబట్టి పని చకచకా సాగాలి. చేతులకి కొట్టువాడిచ్చిన పల్చటి లాటెక్స్ గ్లవ్సులే వేసుకున్నాను. ఎపాక్సీని లాటెక్స్ ఆపలేదని, నైట్రైల్ కావాలని కొట్టువాడు చెప్పలేదు. డబ్బామీద ఒక్క తెలుగు ముక్క లేదు. మర్నాటికి ఒళ్లు రాయిలా గట్టిపడేది. అప్పుడు ఉప్పుకాగితం పట్టి పొడిగా రుద్దేవాణ్ణి. పైకి గట్టిగా కనబడినా లోపల రసాయనం పూర్తిగా ముగియడానికి మామూలు వేడిలో వారం దాకా పడుతుంది. ఆలోపు రుద్దితే లేచే పొడిలో పచ్చి రెసినూ హార్డెనరూ ఉంటాయి. ఆ పొడి మెడమీదా ముంజేతులమీదా చెమటలో అంటుకునేది.

మొదట వేళ్ల సందుల్లో దురద. తరవాత చేతుల వెనకవైపు నీటి పొక్కులు. ఒక తెల్లవారుజామున కళ్లు తెరుచుకోలేదు. రెప్పలు అంత వాచిపోయాయి. దగ్గర్లోని డాక్టరు గజ్జి అన్నారు, ఇంటిల్లిపాదినీ మెడ నుంచి పాదాల దాకా మందు పూసుకోమన్నారు. మా ఆవిడా పిల్లలూ మారుమాట్లాడకుండా పూసుకున్నారు. పక్కింటివాళ్లకి తెలిస్తే ఏమనుకుంటారోనని పక్కబట్టలు రాత్రిపూట ఉతికి ఆరేసిన సంగతి నాకు ఇప్పటికీ బాధే. మా ఆవిడకీ పిల్లలకీ ఏ జబ్బూ లేదు. నాకూ గజ్జి లేదు.

పొక్కులు పగిలి చర్మం చీలికలైంది. పులుసన్నం కలుపుకుంటే మంట నెత్తికెక్కేది, చెంచాతో తిన్నాను. చొక్కా గుండీలు మా ఆవిడ పెట్టింది. రాత్రిళ్లు చేతులకి తడిగుడ్డ చుట్టుకుని కూర్చునేవాణ్ణి. చేతికంటిన రెసిను పోవాలంటే థిన్నరుతో కడగమని ఫైబర్ బోట్లు కట్టే యార్డులో చెప్పారు. అందరూ అదే చేస్తారు. థిన్నరు చర్మంలోని నూనెని లాగేసి రసాయనాన్ని ఇంకా లోపలికి పంపుతుంది. సబ్బూ నీళ్లే సరైనవి.

చివరికి పెద్దాసుపత్రి చర్మవ్యాధుల విభాగంలో నా చేతులు చూడగానే, ‘‘ఏం పని చేస్తారండీ?’’ అని అడిగారు. అంతవరకూ ఎవరూ అడగని ప్రశ్న. వీపుమీద చిన్నచిన్న పట్టీలంటించి రెండు రోజుల తరవాత తీశారు, నాలుగో రోజున మళ్లీ చూశారు. ఎపాక్సీ పట్టీ ఉన్నచోట ఎర్రగా పొంగింది, అంటే ఎపాక్సీ ఎలర్జీ. ‘‘ఆయింట్‌మెంటుతో తగ్గిపోతుంది, కానీ మళ్లీ ముట్టుకుంటే మళ్లీ వస్తుంది. జీవితాంతం జాగ్రత్తగా ఉండాలి’’ అన్నారు. రెండు ట్యూబుల జిగురూ, పైపులు కారితే నలిపి పెట్టే రెండు ముద్దల సీలూ కూడా ఎపాక్సీలే. కుళాయి కారినా ఇప్పుడు మనిషిని పిలవాల్సిందే.

‘‘మావయ్యా, వదిలేద్దాం’’ అన్నాడు మేనల్లుడు. నాకు మనసొప్పలేదు. పడవ సగం అయి కళ్లెదుట ఉంది. రెసిను పనంతా వాడు చేస్తానన్నాడు. వాడికీ ఇది వస్తే మా అక్కకి ఏం చెప్పాలన్నదే నా భయం. నైట్రైల్ గ్లవ్సులు, నిండుచేతుల చొక్కా, ముక్కుకి మాస్కు. వారం గడిచేదాకా ఉప్పుకాగితం పట్టనివ్వలేదు, పట్టినా నీళ్లతో తడిపే రుద్దనిచ్చాను.

చేతులు కుదుటపడ్డాక ఇనుప పనీ వైరింగూ నేను చూసుకున్నాను. మోటారు నుంచి ప్రొపెల్లర్‌కి బలాన్ని అందించేది వంగే కేబుల్ షాఫ్ట్. బరువు పడితే అది పొట్టిదవుతుంది. వెనక రెండు మూడు మిల్లీమీటర్ల సందు వదలకపోతే బిగుసుకుపోతుంది. చుక్కానిలోంచి నీళ్లు పైపులో ఎక్కి మోటారునీ స్పీడ్ కంట్రోలర్‌నీ చల్లబరచి పక్కనుంచి బయటికి చిమ్మాలి. బ్యాటరీని ముందుకీ వెనక్కీ జరిపి, మొత్తం బరువు వెనక అంచు నుంచి 21 సెంటీమీటర్ల దగ్గర నిలిచేలా కుదిర్చాను. పడవ పొడవులో అది 30 శాతం. ఈ పనుల్లో నాకు దొరికిన సంతోషం ఇంతా అంతా కాదు.

పట్టుబడి అయిపోయిన ఒక చేపల చెరువులో దింపాం. మేనల్లుడు త్రాటిల్ నొక్కగానే ముక్కు లేచింది, పడవ నీళ్లమీద పలకలా జారుతూ పోయింది. సగం నీళ్లలో, సగం గాలిలో తిరిగే ప్రొపెల్లర్ వెనక తెల్లగా తోక లేచింది. పక్కనుంచి నీళ్లు సన్నగా చిమ్ముతుంటే ‘‘కూలింగ్ వస్తోంది మావయ్యా!’’ అని వాడు అరిచాడు. నాకు ఏడుపొచ్చింది.

తరవాత యార్డుకి ఒక పెట్టె నైట్రైల్ గ్లవ్సులు తీసుకెళ్లాను. వాళ్లది పాలియెస్టర్ రెసినే అయినా అందులో కలిపే కోబాల్టు కూడా ఎలర్జీ తెస్తుందని డాక్టరు చెప్పారు. కుర్రాళ్లు వేసుకుని చూసి, ఎండకి లోపల చెమట నిండిపోతోందన్నారు. పెద్దవాడొకాయన తన చేతులు చాపి చూపించాడు. నావి ఎలా ఉండేవో అచ్చం అలాగే. ఆయింట్‌మెంటు పేరు రాసిమ్మన్నాడు. రాసివ్వకుండా, పరీక్ష చేయించుకోమన్నాను. వీపుకి పట్టీలేసి, విప్పి, మళ్లీ చూడటానికి ఆసుపత్రికి మూడుసార్లు తిరగాలంటే మూడు రోజుల కూలి ఎవరిస్తారన్నాడు. నేను యజమాని దగ్గరికి వెళ్లి అడిగాను. చూద్దామన్నారు. మళ్లీ వెళ్లి అడుగుతాను.