దాపటోడు ఏ పక్కన ఉంటాడు?

మొన్న కనుమ తర్వాత మా వరండా గోడ ఫొటో ఒకటి పెట్టాను కదా, రంగులు వేసిన కాడి. దాని కింద చాలామంది అడిగారు. ఎక్కడ కొన్నారు, ఎంత పడింది, మాకూ ఒకటి చేయించి ఇస్తారా అని. కొనలేదండీ. అది మా బండి కాడే. అమ్మకానికి కాదు. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే బదులు సంగతంతా ఒకేసారి రాసేస్తున్నాను. మామిడి పూత మీద తేనెమంచు పురుగుకి మందు కొట్టాలి గానీ పొద్దున్నుంచీ ఒకటే గాలి. అందుకని కాస్త తీరిక దొరికింది. పోస్టు పొడుగే, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

ఆరేళ్ల కిందట మా నాన్న బాత్రూమ్ దగ్గర జారి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. విజయవాడ తీసుకెళ్లి ఆపరేషన్ చేయించాం. ఆ ఏడు కాపు సరిగా లేదు, చేతిలో డబ్బు లేదు. అప్పటికే ఊళ్లో దుక్కులన్నీ ట్రాక్టర్లే దున్నుతున్నాయి. వరిగడ్డి కొని ఎడ్లని మేపడం దండగ అని మా ఆవిడతో సహా అందరూ అంటున్నారు. నాన్న ఆస్పత్రి మంచం మీద ఉండగానే నేను ఎడ్ల జతని సంతలో అమ్మేశాను. ఆయనకి చెప్పలేదు. ఆ పరిస్థితిలో చెప్తే తట్టుకోలేడు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే, చెప్పే ధైర్యం లేక చెప్పలేదు.

ఇంటికొచ్చిన రోజు ఆయన వాకర్ పట్టుకుని వరండాలో నిలబడి పాక వైపు చూశాడు. గాడి ఖాళీ. పలుపులు గుంజకి చుట్టి ఉన్నాయి. ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. ఆ తర్వాత ఆరేళ్లూ ఆయన ఆ పాకలో అడుగు పెట్టలేదు, ఎడ్ల ఊసు ఎత్తలేదు. మేమూ ఎత్తలేదు. కనుమ రోజున మాత్రం పొద్దున్నే లేచి స్నానం చేసి, ఏం పని లేనట్టు మంచం మీద కూర్చునేవాడు. అంతకుముందు కనుమ అంటే ఆయనదే హడావుడి. ఎడ్లని చెరువులో కడిగి, కొమ్ములకి రంగులు వేసి, మెళ్లో గజ్జెల పట్టెడ కట్టి బయటకి తోలితే వీధిలో జనం ఆగి చూసేవాళ్లు.

బండి పాకలోనే ఉండిపోయింది. అడుగు చెక్కలకి చెద పట్టింది. ఒక చక్రానికి పూటీ ఊడింది. నల్లతుమ్మ చక్రాలు కాబట్టి మిగతాది నిలబడింది. ఇనప పట్టాల కోసం పాతసామాన్లవాడు రెండుసార్లు వచ్చి బేరమాడాడు. ఎందుకో ఇవ్వబుద్ధి కాలేదు.

మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. హాస్టల్లో స్నేహితురాలి దగ్గర చెక్కముక్కల మీద యాక్రిలిక్ రంగులతో బొమ్మలు వేయడం నేర్చుకుంది. పీటలు, గరిటెలు, పాత కిటికీ రెక్కలు, ఏది దొరికితే దానిమీద ముగ్గులు, చిలకలు, లతలు వేస్తుంది. మొన్న దసరాకి ఇంటికొచ్చినప్పుడు పాకలోకి వెళ్లి కాడి బయటికి తెచ్చింది. "దీనిమీద వేస్తాను నాన్నా" అంది. నాన్న వరండాలోనే ఉన్నాడు. నేను ఆయన మొహం వంక చూడకుండానే సరే అన్నాను.

దుమ్ము దులిపి, తడిగుడ్డతో తుడిచి, నేరుగా ఎరుపు రంగు పట్టించేసింది. సాయంత్రానికి బ్రహ్మాండంగా ఉంది. మూడోరోజు చూస్తే మధ్యలో పొక్కులొచ్చాయి. గోటితో లాగితే రంగు ప్లాస్టిక్ కాగితంలా పొరలుగా ఊడొచ్చింది. పిల్ల ఏడుపు మొహం పెట్టింది. అప్పుడు వరండాలోంచి నాన్న గొంతు వినబడింది.

"ఆముదం తాగిన కర్ర మీద రంగు నిలబడుద్దంటే?"

అంతే. మళ్లీ పేపర్లో తల పెట్టేశాడు. ఆరేళ్లలో కాడి గురించి ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది. నిజమే. ఎడ్ల మెడలు ఒరుసుకుపోకుండా ఏళ్ల తరబడి ఆ కాడికి ఆముదం రాసింది ఆయనే. నూనె ఇంకిన చెక్కని నీళ్ల రంగు పట్టుకోదు. దానికితోడు వానాకాలం చెమ్మ.

తర్వాతి ఆదివారం నేనూ మా అమ్మాయీ కొండపల్లి వెళ్లాం. మాకు బండి మీద దగ్గరే. మా అమ్మ బతికున్నప్పుడు బొమ్మల కొలువుకి అక్కడి బొమ్మలే కొనేది. అంబారీ ఏనుగు, తాడెక్కే గీత కార్మికుడు, దశావతారాలు, ఎడ్లబండి. ఎన్నిసార్లు కొన్నా అవి ఎలా చేస్తారో ఎప్పుడూ నిలబడి చూడలేదు. ఈసారి ఒక పెద్దాయన పక్కన రెండు గంటలు కూర్చున్నాం.

కొండల్లో దొరికే తెల్ల పొణికి చెక్క అది. మెత్తగా, తేలిగ్గా ఉంటుంది. ముందు దాన్ని బాగా ఆరబెడతారు. చెమ్మ పూర్తిగా పోవడానికి సన్నని సెగ మీద కాస్తారు. కాళ్లు, చేతులు, తల వేటికవి చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆకురాయితో నునుపు చేస్తారు. దానిమీద సున్నం పూత. ఆ తెలుపు ఆరాకే రంగు. రంగుల్లో మాత్రం రకరకాలు. నీటి రంగులు, ఎనామిల్, ఆకులూ గింజల నుంచి తీసిన రంగులూ వాడేవాళ్లున్నారు. ఆ పెద్దాయన చెప్పిందాంట్లో నాకు అర్థమైంది ఏంటంటే, రంగు వేయడం ఆఖరి పని. నేలని దున్నకుండా, తడి చూడకుండా విత్తనం చల్లితే ఎలా ఉంటుందో మేం చేసింది అలా ఉంది.

ఇంటికొచ్చి మొదటినుంచీ మొదలుపెట్టాం. మీలో ఎవరైనా చేయాలనుకుంటే పనికొస్తుందని వరసగా రాస్తున్నాను. పాత రంగు గీకేశాం. చాకలి సోడా వేసిన వేడి నీళ్లతో రెండు రోజులు రుద్ది జిడ్డు వదిలించాం. తర్వాత ఎండలో కాదు, నీడలో, గాలి తగిలే చోట వేలాడదీసి సంక్రాంతి దాకా వదిలేశాం. ఎండలో పెడితే పైన ఆరి లోపల ఆరక బీట తీస్తుంది. అమ్మాయి పండక్కి వచ్చేలోపు నేను 80 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి, 120, ఆఖర్న 220తో రుద్దాను. చెద తిన్న చోట పుచ్చు గీకేసి మక్కు పెట్టాను. సున్నం బదులు జెస్సో అనే తెల్ల పూత రెండుసార్లు వేశాం.

యాక్రిలిక్ సంగతి కూడా చెప్పాలి. రంగు పొడిని నీళ్లలో కలిసే ఒక రకం ప్లాస్టిక్ జిగురుతో చేస్తారు. తడిగా ఉన్నంతసేపూ నీళ్లతో కడిగితే పోతుంది. ఆరిందంటే ఇక నీళ్లకి లొంగదు. మన ఎండలకి నిమిషాల్లో ఆరిపోతుంది, కుంచె నీళ్లలో పెట్టడం మరిచిపోతే కట్టెపుల్ల అయిపోతుంది. అందుకని పొద్దున్నే, చల్లపూట వేసుకోవడం మేలు. ముందు పెద్ద పెద్ద రంగులు నింపాలి, సన్నగీతలు చివర్న. అంతా అయ్యాక పైన వార్నిష్.

భోగి ముందు రోజు అమ్మాయి కాడి మధ్య వెడల్పు భాగంలో జోడెడ్ల బొమ్మ గీస్తోంది. ఎదురుగా అమ్మ కొన్న కొండపల్లి ఎడ్లబండి పెట్టుకుంది. నాన్న మంచం ఆ రోజు వరండాలో మాకు దగ్గరగా వేశాం. పని చేస్తూ అది ఫోన్లో చూసిన సంగతి ఒకటి తాతయ్యకి చెప్పింది. కోస్టారికా అని అమెరికా ఖండంలో చిన్న దేశం. అక్కడ కాఫీ పండే కొండల నుంచి పసిఫిక్ ఒడ్డు రేవుదాకా ఎడ్లబండ్ల మీదే బస్తాలు తోలేవాళ్లట. 10, 15 రోజుల ప్రయాణం. ఆ బండ్ల చక్రాలకీ చెక్కలకీ నక్షత్రాలు, పువ్వులు రంగురంగులుగా వేసుకునేవాళ్లు. ఒకప్పుడు రంగులు చూసి బండి ఏ ప్రాంతానిదో చెప్పేవాళ్లట. రైళ్లూ లారీలూ వచ్చి బండ్ల పని పోయింది. రంగులు వేయడం మాత్రం మానలేదు. 2005లో యునెస్కో కూడా గుర్తించింది. చక్రం తిరిగేటప్పుడు లోపల ఇనప రింగు తగిలి టంగుటంగుమని మోగేదట, ఒక్కో బండిది ఒక్కో మోత.

నాన్న శ్రద్ధగా విన్నాడు. "మన బండి వస్తుంటే మీ నాయనమ్మ చప్పుడు విని పొయ్యి మీద నీళ్లు పెట్టేది" అన్నాడు.

నా చేతిలో గరుకు కాగితం ఆగిపోయింది. ఆయన లేచి, కర్ర ఆనించుకుని, కాడి దగ్గరకి వచ్చి వంగి చూశాడు.

"తప్పేశావు అమ్మడూ. మూపురం బూడిద రంగోడు దాపటోడు. తెల్లోడు ఎలపట. వీళ్లని మార్చి కట్టావు."

"ఎడమ పక్కోడే కదా తాతయ్యా దాపటోడు? ఎడమ పక్కే వేశాను" అంది అది.

"బండి తోలేవాడికి ఎడమ. నీ ఎడ్లు మనకేసి చూస్తన్నాయి. అప్పుడు దాపటోడు మనకి కుడి పక్కకి రావాలి."

ఇరవై ఏళ్లు ఆ కాడికి ఎడ్లు కట్టినవాణ్ణి నేను. గంటనుంచీ పక్కనే కూర్చుని చూస్తున్నాను. నాకు తట్టలేదు. ఆయన ఇంకా చెప్తున్నాడు. దాపటోడికి ఎడమ చెవి కొసన చిన్న చీలిక ఉంటుంది. ఎలపటోడి కొమ్ములు కాస్త లోపలికి వంగి ఉంటాయి. దూడప్పుడు కొన్న ధర, మొదటిసారి కాడి కింద మెడ పెట్టిన రోజు, కాలవ గట్టు మీద బండి దిగబడితే దాపటోడు మోకాళ్ల మీద వంగి లాగిన సంగతి. ఆరేళ్లుగా లోపల ఎక్కడ దాచుకున్నాడో గానీ అన్నీ అలాగే ఉన్నాయి.

అమ్మాయి తెల్ల రంగు పూసి బొమ్మ చెరిపేసి మళ్లీ గీసింది. ఆరిన రంగు పోదు గానీ, దానిమీద ఇంకోటి వేసుకోవచ్చు.

అది టీ తేవడానికి లోపలికి వెళ్లినప్పుడు నాన్న నా వైపు చూడకుండానే అడిగాడు.

"ఎవరికి అమ్మావురా?"

సంతలో బ్రోకర్‌కి అని చెప్పాను. ఏ ఊరు తోలాడో అడగలేదని కూడా చెప్పాను. రైతుకే ఇచ్చానని అబద్ధం చెబితే ఆయన మనసు కుదుటపడేదేమో. నోరు రాలేదు.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు.

"చెప్పి అమ్మాల్సిందిరా. వద్దనేవాణ్ణి కాదు. డబ్బెక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలవదా? ఒకసారి మెడ నిమిరి పంపేవాణ్ణి."

నేను ఏం చెప్పాలి. తప్పయిపోయింది నాన్నా అన్నాను. ఆ మాట అనడానికి నాకు ఆరేళ్లు పట్టింది. ఆయన తల ఊపాడు. అది క్షమించినట్టో, విన్నానని చెప్పినట్టో నాకు ఇప్పటికీ తెలియదు.

కనుమ రోజు పొద్దున్నే స్నానం చేసి వచ్చి, కొమ్ముల రంగు నేను వేస్తాను తెండి అన్నాడు. 82 ఏళ్లు, చెయ్యి వణుకుతుంది. అమ్మాయి సన్న కుంచె ఎర్ర రంగులో ముంచి ఇచ్చింది. ఎలపటోడి కొమ్ములు బాగానే వచ్చాయి. దాపటోడి కుడి కొమ్ము దగ్గర చెయ్యి జారి రంగు గీత దాటి నుదుటి మీదికి పోయింది. తడి మీద ఉండగా తుడిస్తే పోయేదే. అమ్మాయి గుడ్డ తీసుకుంది గానీ నా మొహం చూసి మళ్లీ పక్కన పెట్టేసింది. కాసేపటికి ఆరిపోయింది.

ఫొటో కింద ఒక మిత్రుడు రాశాడు, అంతా బాగుంది గానీ కుడి పక్క ఎద్దు కొమ్ము దగ్గర రంగు చెదిరింది, సరిచేయండి అని. ఆయనకి ఇదే నా జవాబు. అది సరిచేయం.

ఇంకొక్క మాట. మీ పాకల్లో, అటకల మీద కాడో, మేడో, గొర్రో పడి ఉంటే పొయ్యిలోకి, పాతసామాన్లకి ఇచ్చేయకండి. పిల్లలు రంగులు వేస్తామంటే వేయనివ్వండి. వానా ఎండా నేరుగా తగలని చోట తగిలించండి, రంగు చాలా ఏళ్లు ఉంటుంది. జిడ్డు మాత్రం ముందు వదిలించండి. బొమ్మ గీసే ముందు ఇంట్లో పెద్దవాళ్లుంటే ఎవరు ఏ పక్కనో అడగండి. వాళ్లు చెప్పే దాకా మీకు తెలుసనుకున్నది మీకు తెలియదు.

గాలి తగ్గినట్టుంది. మందు డ్రమ్ము కలుపుకోవాలి. ఉంటాను.