చిగుళ్ల చార్టులో ఆ అంకెలు
చందానగర్‌లో డెంటల్ క్లినిక్‌లకు కొదవ లేదు. చిగుళ్లు పరీక్షించాక ఆ చార్టును విడమరిచి చెప్పేవాళ్లే తక్కువ. "ఇవేం మార్కులమ్మా?" అంది మా అత్తయ్య, తన చార్టులోని అంకెలు చూసి. మార్కులు కావత్తయ్యా, మిల్లీమీటర్లు. ప్రోబ్ అనే సన్నటి పుల్లను పంటికీ చిగుళ్లకీ మధ్య దించి, ఒక్కో పంటి చుట్టూ ఆరుచోట్ల లోతు కొలుస్తారు. 3 వరకూ, రక్తం రాకపోతే, ఫర్వాలేదు. 4, 5 ఉంటే లోపలిదాకా శుభ్రం చేయించుకోవాల్సి రావచ్చు. 6, ఆ పైన అయితే చిగుళ్ల స్పెషలిస్టు దగ్గరికి వెళ్లడమే మంచిది. సాధారణంగా ఎర్ర చుక్క పెట్టారంటే, కొలిచినప్పుడు అక్కడ రక్తం వచ్చిందని. సిగరెట్ తాగేవాళ్లకు జబ్బున్నా రక్తం అంతగా కనపడదు, నాకు భయమేసేది వాళ్ల గురించే. షుగరున్నవాళ్లు ఈ కాగితాన్ని షుగర్ డాక్టరుకీ చూపించండి. చిగుళ్ల జబ్బూ షుగరూ ఒకదాన్నొకటి పెంచుతాయి.